పల్లెవెలుగు దారుల్లో మెన్‌స్ట్రువల్ కప్: వాడి చూసిన మీదట నా అంచనా

కోదాడ నుంచి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా, కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరే 167వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో వెళ్లే స్త్రీకి నెలసరి రోజుల్లో ఏ వస్తువు పనికొస్తుందో తేల్చాలంటే, టీవీ ప్రకటనల్లో నీలిరంగు నీళ్లు పోసి చూపించే పీల్చుకునే శక్తి ఒక్కటి చూస్తే సరిపోదు. మరుగుదొడ్డి దొరికేదాకా అది ఎంతసేపు ఆగుతుంది, దొరికిన మరుగుదొడ్డిలో నీళ్లు రాకపోతే ఏం చేయాలి, గొళ్లెం పడని తలుపు వెనక ఎంత త్వరగా పని ముగించుకోవచ్చు, వాడినదాన్ని ఎక్కడ పారేయాలి అన్న ప్రశ్నలకు అది ఇచ్చే జవాబులే అసలు పరీక్ష. ఉద్యోగరీత్యా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మధ్య తరచుగా తిరిగే నేను ఏళ్ల తరబడి ప్యాడ్లు వాడి, తరువాత మెన్‌స్ట్రువల్ కప్‌కు, అంటే నెలసరి రక్తాన్ని లోపలే పట్టి ఉంచే మెత్తని చిన్న గిన్నెకు మారాను. ఆ ప్రశ్నలనే ముందు పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను. మెడికల్ గ్రేడ్ సిలికాన్‌తో చేసిన కప్పులు ఏ కంపెనీవైనా పనిచేసే తీరు దాదాపు ఒకటే కాబట్టి నేను కొన్న కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక మన రాకపోకలు బాగా పెరిగాయి. ఆసుపత్రికో, కాలేజీకో, పుట్టింటికో పోవడానికి ఇదివరకు చేతిలో డబ్బు చూసుకొని ఆగిపోయినవాళ్లు ఇప్పుడు ధైర్యంగా బయలుదేరుతున్నారు. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. అయితే బస్సెక్కే ఆడవాళ్లు పెరిగినంతగా, దిగినచోట వాళ్లకు కావలసిన శుభ్రమైన మరుగుదొడ్లు పెరగలేదు. సీటు దొరక్క కొండమల్లేపల్లి దాకా కడ్డీ పట్టుకొని నిలబడి, అక్కడ ఇంకో బస్సు కోసం ఎదురుచూసి, మళ్లీ నిలబడే ప్రయాణంలో రెండో రోజు రక్తస్రావంతో ఉన్న మనిషి పడే అవస్థ పక్కనున్నవాళ్లకు కనబడదు. చున్నీని వెనక్కి లాక్కొని, డ్రెస్సుకు మరక పడిందేమోనని చెల్లెల్నో స్నేహితురాలినో మెల్లగా అడిగి చూపించుకోవడం మనందరికీ తెలిసిన విషయమే.

ప్యాడ్‌ను నేను తక్కువ చేసి మాట్లాడను. 2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తివేశారు. జన ఔషధి కేంద్రాల్లో అమ్మే సువిధ ప్యాడ్ ధరను 2019 ఆగస్టులో రూపాయికి తగ్గించారు. బడికి వెళ్లే ఆడపిల్లకు, మొదటిసారి నెలసరి వచ్చిన పిల్లకు ఇంతకంటే సులువైన వస్తువు లేదు. చిక్కంతా దూరప్రయాణంలోనే వస్తుంది. ప్యాడ్ నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చుకోవాలి. మే నెల ఎండలో, ఇంజన్ పక్కన కాళ్ల కింద కాలిపోతున్న రేకు మీద కూర్చున్నప్పుడు, ప్యాడ్ వెనుకనుండే ప్లాస్టిక్ పొర చెమటను బయటికి పోనివ్వదు. తొడల సందున చర్మం ఒరుసుకుపోయి, సాయంత్రానికి నడక కూడా కష్టమవుతుంది. తడి, వేడి కలిసినచోట ఫంగస్ త్వరగా పట్టుకుంటుంది. సువాసన కలిపిన ప్యాడ్లయితే కొందరికి దురద, మంట ఇంకా ఎక్కువ. ప్రయాణంలో వాసన వస్తుందన్న భయంతో ఏరికోరి వాటినే కొనేవాళ్లకు ఈ సంగతి చెప్పవలసిన అవసరం ఉంది.

ఇక పారవేయడం గురించి. వాడిన ప్యాడ్‌ను కంపెనీ ఇచ్చిన సంచిలో గానీ తగిన కాగితంలో గానీ గట్టిగా చుట్టి పొడి చెత్త బుట్టలో వేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. చుట్టడం మన చేతిలో పని, బుట్ట పెట్టడం మన చేతిలో లేదు. ఆడవాళ్ల మరుగుదొడ్లలో వెంటిలేటర్ దిమ్మె మీద వరుసగా పేర్చి ఉండే నల్ల కవర్లు చూసినప్పుడల్లా నాకు వాటిని అక్కడ పెట్టినవాళ్ల మీద కోపం రాదు. వాళ్లకు వేరే చోటు చూపించనివాళ్ల మీద వస్తుంది. రైలులో మరుగుదొడ్డి ఉంటుంది గనుక నల్లగొండ, మిర్యాలగూడ వైపు వెళ్లేవాళ్లకు, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వెళ్లేవాళ్లకు కొంత మేలే. కానీ ప్యాడ్‌ను అందులో పడేస్తే బయో టాయిలెట్ మూసుకుపోయి వెనక వచ్చేవాళ్లందరికీ అది పనికిరాకుండా పోతుంది.

మెన్‌స్ట్రువల్ కప్ అంటే గుడిగంట ఆకారంలో, అడుగున చిన్న కాడతో ఉండే మెత్తని సిలికాన్ గిన్నె. అది రక్తాన్ని పీల్చుకోదు, లోపలే పట్టి ఉంచుతుంది. అమెరికాలో లియోనా చామర్స్ అనే ఆమె 1937లోనే ఇలాంటి దానికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటిది రబ్బరు, ఇప్పటిది సిలికాన్. మామూలు కప్‌లో 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. చాలామంది స్త్రీలకు ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు మాత్రమే. 80 దాటితే దాన్ని అధిక రక్తస్రావంగా లెక్కించి డాక్టర్‌కు చూపించుకోవాలి. కప్‌లో పట్టేదాన్నీ, నెలసరిలో పోయేదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, పొద్దున్నే ఇంట్లో కప్ పెట్టుకొని బయలుదేరిన మనిషి సాయంత్రం దాకా దాని ఊసెత్తకుండా ఎలా ఉండగలుగుతుందో అర్థమవుతుంది. 12 గంటలు దాటకుండా తీసి కడగాలన్నది గట్టి నియమం. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 43 అధ్యయనాలను, సుమారు 3,300 మంది అనుభవాలను పరిశీలించి, లీకేజీ విషయంలో కప్పులు ప్యాడ్లకూ, టాంపాన్లకూ (లోపల పెట్టుకునే దూది చుట్టలు) సమానంగానో అంతకంటే మెరుగ్గానో ఉన్నాయని తేల్చింది. నా అనుభవమూ అదే. రక్తస్రావం బాగా ఎక్కువగా ఉండే రెండో రోజు మాత్రం మధ్యాహ్నం ఒకసారి ఖాళీ చేయవలసి వస్తుంది, లేకపోతే అంచు మీదుగా కొద్దిగా కారుతుంది.

నేర్చుకోవడానికి సమయం పడుతుంది. ఆ మాట దాచి అమ్మడం సరికాదు. కప్ అంచును రెండు వేళ్లతో నొక్కి మడిచి, మొన సన్నగా వచ్చేట్టు చేసి, గొంతుక్కూర్చొని, ఒళ్లు బిగబట్టకుండా లోపలికి, కొంచెం వెనకవైపుకు తోయాలి. వదిలినప్పుడు అది లోపల విచ్చుకోవాలి. విచ్చుకుందో లేదో తెలియాలంటే అడుగు భాగం చుట్టూ వేలు తిప్పి చూడాలి; ఎక్కడైనా సొట్ట తగిలితే మడత ఇంకా తెరుచుకోలేదన్నమాట, దాన్ని పట్టుకొని కొద్దిగా తిప్పితే సర్దుకుంటుంది. తీసేటప్పుడు కాడ పట్టుకొని లాగడమే కొత్తవాళ్లు అందరూ చేసే పని, అందుకే నొప్పి. అడుగు భాగాన్ని చిటికెతో నొక్కితే లోపలి పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ తీయాలి. రెండు మూడు నెలలు ఇంట్లోనే, సెలవు రోజుల్లోనే అలవాటు చేసుకోవాలి తప్ప కొత్త కప్‌తో తిన్నగా బస్సెక్కకూడదు.

దేవరకొండ బస్సులో పక్కన కూర్చున్న ఒకామె నా మాటలు విని, గొంతు తగ్గించి, "అది లోపల్కి పోయి ఇరుక్కుంటే ఎట్లక్కా?" అని అడిగింది. ఈ అనుమానం ప్రతివాళ్లకూ ఉంటుంది. యోని పైభాగాన గర్భాశయ ముఖద్వారం ఉంటుంది, దాని రంధ్రం చాలా సన్నం, కప్ దాన్ని దాటి ఎక్కడికీ పోలేదు. చేతికి అందనంత పైకి జరిగినట్టనిపిస్తే గొంతుక్కూర్చొని, మలవిసర్జనకు ముక్కినట్టు ముక్కితే కిందికి దిగుతుంది. "పెండ్లిగాని పిల్లలు పెట్టుకోవచ్చునా?" అన్నది ఆమె రెండో ప్రశ్న. పెట్టుకోవచ్చు, చిన్న సైజు ఉంటుంది. అయితే కన్నెపొర సాగవచ్చు లేదా చిరగవచ్చు, ఆటలాడినా సైకిల్ తొక్కినా కొందరికి అలాగే జరుగుతుంది. దాన్నిబట్టి ఒక పిల్ల నడవడికను ఎవరూ లెక్కగట్టకూడదని నేను ఆమెకు గట్టిగానే చెప్పాను. అయినా ఇష్టం లేని పిల్లను బలవంతపెట్టే వస్తువు కాదిది.

ఇప్పుడు అసలు పరీక్ష, బస్టాండు మరుగుదొడ్డి. ఏ ఊరిదో చెప్పను. గొళ్లెం ఊడిపోయిన తలుపు, సంచి తగిలించడానికి మేకు కూడా లేని గోడ, తిప్పితే గాలి తప్ప నీళ్లు రాని నల్లా, అడుగున పగిలిన మగ్గు ఉన్న గదిలో కప్ ఖాళీ చేయవలసి వచ్చింది. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. లోపలికి వెళ్లకముందే బయట సబ్బుతో చేతులు కడుక్కుంటాను. కాగితం సబ్బు రేకులు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, పర్సులో ఇమిడిపోతాయి. శానిటైజర్ రాసుకున్న చేతితో కప్ ముట్టుకోకూడదు, ఆల్కహాల్ తగిలితే లోపల భరించలేని మంట. సంచి అడ్డంగా మెడకు వేసుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కప్ తీసి, దొడ్డిలో ఒంపి, అరలీటరు సీసాలో తెచ్చుకున్న తాగేనీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకుంటాను. నీళ్లు మరీ తక్కువైతే శుభ్రమైన టిష్యూ కాగితంతో తుడిచి పెట్టుకున్నా ఆ పూటకు సరిపోతుంది. ప్రతిసారీ మరిగించవలసిన పని లేదు. చేతులు కడుక్కోవడానికి, కాళ్ల మీద నీళ్లు పోసుకోవడానికి ఇంకో సీసా వేరుగా ఉండాలి. నేల మీద గొంతుక్కూర్చొనే మన పాతకాలపు దొడ్డి ఈ పనికి కమోడ్ కంటే ఎంతో అనువైనది: ఆ భంగిమలో కప్ చేతికి సులువుగా అందుతుంది, ఎవరెవరో కూర్చున్న సీటును ముట్టుకోవలసిన అగత్యమూ లేదు. పారేయవలసినది ఏమీ లేదు కాబట్టి నల్ల కవర్ల వెతుకులాట ఉండదు.

మరిగించడం నెలకు రెండుసార్లే, నెలసరి మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి, అయిదు నిమిషాలు చాలు. గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో తేలేట్టు ఉంచాలి, అడుగుకు అంటుకుంటే సిలికాన్ మాడుతుంది. మన బోరునీళ్ల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. గిన్నెలో తెల్లటి ఉప్పు పొర కట్టే నీళ్లలో మరిగిస్తే అదే పొర కప్ మీద కూడా సన్నగా పేరుకొని, వేలికి గరుగ్గా తగులుతుంది. మిషన్ భగీరథ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడితే ఈ బాధ లేదు. అంచు కింద ఉండే సూది రంధ్రాలే కప్‌లో అందరూ నిర్లక్ష్యం చేసే భాగం. గాలి ఆడి పట్టు నిలిచేది వాటి వల్లనే. రక్తం ఎండి అవి మూసుకుపోతే కప్ సరిగా కుదరదు, వాసన కూడా వస్తుంది. కప్ నిండా నీళ్లు నింపి, మూతిని అరచేతితో మూసి గట్టిగా పిండితే ఆ రంధ్రాల్లోంచి సన్నని ధారలు చిమ్ముతాయి. నాలుగు వైపులా ధార వచ్చిందంటే శుభ్రమైనట్టే. ఆరిన తరువాత నూలు సంచిలోనే దాచాలి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో కాదు.

లాడ్జిలో దిగినప్పుడు గదిలో ఉండే టీ కెటిల్‌లో కప్ మరిగించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మన తరువాత వచ్చేవాళ్లు అందులో టీ కాచుకుంటారు. ఉమ్మడి కుటుంబంలో గిన్నె విషయం ఇంకొంచెం సున్నితం. మా అత్తమ్మకు ఈ వస్తువు ఏమిటో విడమరచి చెప్పి, దీనికోసమే ఒక చిన్న స్టీలు గిన్నె వేరుగా కొని, స్నానాల గదిలో పెట్టుకున్నాను. ఆమె మొదట మొహం చిట్లించినా, "గుడ్డలు ఉతికి అటక మీద దాచిపెట్టి ఆరేసుకున్న రోజులకంటే ఇది నయమే బిడ్డా" అన్నది.

కప్ మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది నల్లమల దారిలో. డిండి, హాజీపూర్ దాటి మన్ననూర్ చెక్‌పోస్టు చేరాక శ్రీశైలం దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో వాహనాలను వదలరు. చివరి బస్సు కోసం తొందర, మధ్యలో ఆగడానికి తావు లేని ఘాట్ రోడ్డు, పారేస్తే జంతువు నోట పడే ప్లాస్టిక్ - వీటన్నిటి మధ్య ప్యాడ్ మార్చుకోవడం దాదాపు అసాధ్యం. మల్లెలతీర్థం జలపాతానికి మెట్లు దిగి వెళ్లేవాళ్లకు, అడవిలో నడిచేవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనబడలేదు.

ఇంత మెచ్చుకున్నా, ప్రయాణంలో ఆడవాళ్ల శుభ్రతలో సగం సమస్యను కప్ ముట్టుకోనైనా ముట్టుకోదు. ఆ సగం మూత్రం. దారిలో ఇబ్బంది పడాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా బయలుదేరే స్త్రీలు మన బస్సుల్లో లెక్కలేనంతమంది. ఆడవాళ్లకు మూత్రనాళం పొట్టిది. నీళ్లు తాగక, వచ్చిన మూత్రం ఆపుకొని గంటలు గడిపితే ఇన్ఫెక్షన్ సులువుగా వస్తుంది. మంట, చలిజ్వరం, నడుంనొప్పితో తిప్పలు పడేకంటే నీళ్లు తాగి, బస్సు ఆపమని కండక్టర్‌ను అడగడమే మేలు, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి ప్రజలకు ఉచితంగా అందుబాటులో ఉండాలి; తాళం వేసి ఉంటే తాళంచెవి అడిగి తీసుకోండి. నిలబడి మూత్రం పోయడానికి వాడే కాగితపు గరాటాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మురికి కమోడ్ ఉన్నచోట, మోకాళ్ల నొప్పులవల్ల గొంతుక్కూర్చోలేని పెద్దవాళ్లకు అవి పనికొస్తాయి. మిగతావాళ్లకు అంత అవసరం లేదు. యోని లోపల సబ్బు, సువాసన ద్రవాలు, పరిమళపు తడి కాగితాలు దేనికీ పని లేదు. లోపల సహజంగా ఉండే ఆమ్లగుణమే దాన్ని కాపాడుతుంది, వీటితో అది దెబ్బతింటుంది. బయట మామూలు నీళ్లతో, ముందునుంచి వెనక్కి కడుక్కుంటే చాలు.

కప్ అందరికీ కాదు. గర్భనిరోధానికి లూప్ వేయించుకున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు, తీసేటప్పుడు లూప్ కూడా జారే ప్రమాదం ఉంది. కాన్పు తరువాత, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆగాలి. టాంపాన్లతో 1980లో అమెరికాలో పెద్ద ఎత్తున బయటపడిన టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు) కప్ వాడినవాళ్లలో చాలా అరుదు, కానీ అసలు లేదనడానికి లేదు. ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, వాంతులు, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే కప్ తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది పాలమూరు వలస కూలీల సంగతి. నారాయణపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి ముంబయి, పుణె బస్సులెక్కే ఆడవాళ్లలో చాలామంది ఇప్పటికీ పాత చీర గుడ్డలే వాడుతున్నారు. ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వచ్చే కప్ డబ్బు లెక్కన వాళ్లకే ఎక్కువ లాభం. కానీ పని జరిగేచోట రేకుల గుడిసెలో ఉంటూ, అందరూ వండుకునే పొయ్యి మీద, చాటు లేకుండా దాన్ని మరిగించుకోవడం ఎలా? ఎవరో తెచ్చి చేతిలో పెట్టి పోతే అది పెట్టె అడుగుకు చేరుతుంది. కేరళలో అలప్పుళ పురపాలక సంఘం 2019లో తింకళ్ పేరుతో 5,000 కప్పులు ఉచితంగా ఇచ్చింది. మన మహిళా సంఘాల సమావేశాల్లో, అప్పు కిస్తీల లెక్కలు ముగిశాక ఒక అరగంట దీనికి కేటాయించి, ఇప్పటికే వాడుతున్న ఊరి ఆడపడుచుచేత చెప్పిస్తే అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. అది జరిగేదాకా గుడ్డ వాడేవాళ్లు దాన్ని సబ్బుతో ఉతికి, ఎవరేమనుకున్నా ఎండలోనే ఆరేసుకోవాలి.

కొనేవాళ్లకు చెప్పవలసినవి మరికొన్ని. ధర సాధారణంగా 300 నుంచి 500 రూపాయల మధ్య ఉంటుంది. మన చిన్న పట్టణాల మెడికల్ షాపుల్లో అన్నిచోట్లా దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. పెట్టె మీద మెడికల్ గ్రేడ్ సిలికాన్ అని స్పష్టంగా లేకపోతే ఎంత చవకైనా తీసుకోవద్దు. రంగులేనిది కొంటే మురికి పట్టిందో లేదో తెలుస్తుంది. మామూలు కాన్పు అయినవాళ్లకు పెద్ద సైజు, కానివాళ్లకు చిన్నది లేదా మధ్యరకం అని కంపెనీలు చెబుతాయి. గర్భాశయ ముఖద్వారం కిందికి ఉన్నవాళ్లకు పొడవైన కప్ గుచ్చుకుంటుంది కాబట్టి పొట్టిది ఎంచుకోవాలి. కాడ పొడవు ఇబ్బంది పెడితే, కప్ బయటికి తీశాక మాత్రమే, కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించుకోవచ్చు. మొదటి కొన్ని నెలల ప్రయాణాల్లో కప్‌తో పాటు ఒక పలుచని ప్యాడ్ కూడా పెట్టుకోండి, సంచిలో ఇంకోటి ఉంచుకోండి.